గేరుపెట్టె ఎవరి సొత్తు?



ఛందస్సు, వ్యాకరణం, ప్రబంధాల ముచ్చట్లు తప్ప మరొకటి వ్రాయని ఈ బ్లాగులో కారు గేరుపెట్టె ప్రసక్తి ఏమిటని కొందరికి సందేహం కలగవచ్చు. ముప్పై ఏళ్ళకు పైగా పిల్లలకు సంధులు, సమాసాలు చెప్పినవాడికి క్లచ్ ప్లేట్లతో పనేమిటని ఎకసెక్కమాడేవారూ ఉండవచ్చు. ఆడనివ్వండి. పదాన్ని విడదీసి చూపకుండా వ్యాకరణం చెప్పలేము. వస్తువును విప్పి చూడకుండా దాని తత్త్వమూ తెలియదు. విగ్రహవాక్యం చెప్పని సమాసం ఎంత సొగసుగా ఉన్నా విద్యార్థికి బరువే. నేడు మన ఇళ్ళకు వస్తున్న యంత్రాలన్నీ విగ్రహవాక్యం చెప్పని సమాసాలు. చెప్పకపోవడమే కాదు, చెప్పమని అడిగినవాణ్ణి వెర్రివాడిగా చూస్తున్నారు. నా కోపం అక్కడ.

నా ప్రతిజ్ఞ ముందే చెప్పి, తరువాత నిరూపిస్తాను. తాను డబ్బిచ్చి కొన్న వస్తువును విప్పి చూచే అధికారం గృహస్థుకు ఉన్నది. చేతనైనంత మేరకు ఇంటివద్దనే బాగుచేసుకొనే అధికారమూ, చేతకాని మేరకు తనకు నచ్చిన మెకానిక్కుచేత చేయించుకొనే అధికారమూ ఉన్నాయి. ఆ అధికారం చెల్లడానికి కావలసిన విద్యను దాచడం వ్యాపారం కాదు, అధర్మం. ఇందుకు నేను ఎంచుకొన్న ఉదాహరణ ఆటోమేటిక్ గేరు కారు. ఎందుకంటే "ఇది ఇంట్లో ముట్టుకోవలసింది కాదు" అని అందరూ ఏకగ్రీవంగా ఒప్పుకొనే వస్తువు అదే. బలమైన కోటనే ముట్టడించాలి కదా!

మా కోనసీమలో ఈ బండ్లు కొత్త వింత కావు. మన దేశంలో సామాన్యునికి అందే ధరలో ఆటో గేరు వచ్చింది 2014లో, మారుతి సెలెరియోతో. ఆ తరువాత అమలాపురం, రాజోలు, కొత్తపేట వీథులలో ఇవి కనబడసాగాయి. కాలువగట్టు రోడ్డుమీద ఎదురుగా కొబ్బరికాయల లారీ వస్తే క్లచ్ తొక్కి, గేరు మార్చి, వెనక్కి తీసి, మళ్ళీ ముందుకు పోవడం మోకాళ్ళ నొప్పులవారికి ఎంత కష్టమో మాకు తెలుసు. పిల్లలు విదేశాలలో ఉండి, ఇక్కడ ఇద్దరే మిగిలిన వృద్ధ దంపతులకు ఈ బండి సౌకర్యం. కనుక నేను యంత్రాన్ని నిందించడం లేదు. దాని చుట్టూ కట్టిన గోడను నిందిస్తున్నాను.

ముందు ఆ పెట్టెలో ఏమున్నదో చూద్దాం. ఆటో గేరు అంటే ఒక్కటి కాదు. చవకబండ్లలో ఉండేది మామూలు గేరుపెట్టెయే. మన ఎడమకాలు చేసే క్లచ్ పని, ఎడమచేయి చేసే గేరు పని ఒక చిన్న యంత్రహస్తం చేస్తుంది, దానికి ఒక కంప్యూటరు ఆజ్ఞలిస్తుంది. దీన్ని ఏఎంటీ అంటున్నారు. రెండవది సీవీటీ. ఇందులో పళ్ళచక్రాల మెట్లు ఉండవు. వ్యాసం మారే రెండు కప్పీల మధ్య ఒక ఉక్కు పట్టీ తిరుగుతుంది. మూడవది రెండు క్లచ్‌ల పద్ధతి. ఒక క్లచ్ బేసి గేర్లను, మరొకటి సరి గేర్లను చూసుకుంటుంది. నాలుగవది అన్నిటికంటె పాతది, 1939లో అమెరికాలో జనరల్ మోటార్స్ సంస్థ 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కార్లలో 'హైడ్రామాటిక్' పేరుతో పెట్టిన పద్ధతికి సంతతి. ఎదురెదురుగా పెట్టిన రెండు పంకాలలో ఒకటి తిరిగితే ఆ గాలికి రెండవది తిరిగినట్లు, నేటి ఈ పెట్టెలో గాలికి బదులు నూనె పనిచేస్తుంది. ఆ వెనుక సూర్యుని చుట్టూ గ్రహాలవలె తిరిగే పళ్ళచక్రాలు, వాటిని పట్టి వదిలే క్లచ్ పలకలు, నూనెను ఏ దారిన పంపాలో నిర్ణయించే కవాటాల దిమ్మ ఉంటాయి. ఇంతే. మంత్రం లేదు, మాయ లేదు. మన డెల్టా కాలువల వ్యవస్థ ఎరిగినవాడికి ఇది బొత్తిగా కొత్త కాదు. తలుపు ఎత్తితే నీరు ఈ చేలోకి, దించితే ఆ చేలోకి. ఇక్కడ నీటికి బదులు నూనె, లస్కరుకు బదులు కంప్యూటరు.

ఇప్పుడు ఈ నూనె దగ్గరే మొదటి మోసం. కొన్ని కంపెనీల పుస్తకాలలో ఈ నూనె 'యావజ్జీవం' పనిచేస్తుందని, మార్చనక్కరలేదని వ్రాస్తారు. తెలుగు పండితుణ్ణి గనుక పదం దగ్గర ఆగుతాను. యావజ్జీవం అన్నారు, ఎవరి జీవం? కారు జీవమా, నూనె జీవమా, గ్యారంటీ జీవమా? నూనె చెడిన రోజున పెట్టె చెడుతుంది. పెట్టె చెడిన రోజున దాని జీవం ముగిసింది. కనుక 'జీవించినంత కాలం జీవిస్తుంది' అని దాని అర్థం. పరీక్షలో ఏ విద్యార్థి అయినా ఇట్లా వ్రాస్తే పునరుక్తి దోషమని సున్నా వేసేవాణ్ణి. ఇదే పెట్టెలను తయారుచేసి ఎన్నో కార్ల కంపెనీలకు అమ్మే జర్మనీ సంస్థ జెడ్ఎఫ్, తన పెట్టెలలో నూనెను ఎనభై వేల నుంచి లక్షా ఇరవై వేల కిలోమీటర్ల మధ్య మార్చమని చెబుతుంది. పెట్టె చేసినవాడు మార్చమంటాడు, కారు అమ్మినవాడు వద్దంటాడు. మధ్యలో నలిగేది ఎవరు? గోదావరి కాలువలకే ఏటా వేసవిలో నీరు కట్టివేసి, పూడిక తీసి, గట్లు సరిచేస్తారు. కాటన్ దొర కాలువకు దక్కని యావజ్జీవం ఈ ఎర్రనూనెకు ఎట్లా దక్కింది?

రెండవ సంగతి మరీ ముఖ్యమైనది, మా ప్రాంతానికి ప్రాణాంతకమైనది: వరద. 2022 జూలైలో ధవళేశ్వరం దగ్గర ప్రవాహం 25 లక్షల క్యూసెక్కులు దాటింది. కోనసీమ లంకగ్రామాలు నీట మునిగాయి, రాకపోకలు ఆగిపోయాయి. మనుషులు, పశువులు ముందు, బండ్లు తరువాత. అందులో వాదం లేదు. కాని నీరు తీసిన తరువాత మునిగిన బండి సంగతి వస్తుంది. గేరుపెట్టెకు గాలి పీల్చుకొనే చిన్న గొట్టం ఉంటుంది. నీరు ఆ ఎత్తు దాటితే లోపలికి దిగుతుంది. నీరు కలసిన నూనె ఎర్రగా ఉండదు, పాలలో రోజా పానకం కలిపినట్లు అవుతుంది. ఆ నీటికి క్లచ్ పలకలమీది కాగితపు పొర ఉబ్బి, జిగురు సడలి ఊడిపోతుంది. కనుక మునిగిన బండిని స్టార్టు చేయకూడదు, ముందు నూనె చూడాలి. రంగు మారితే ఆలస్యం చేయకుండా దించి, కొత్తది పోసి, మళ్ళీ దించి, మళ్ళీ పోయాలి. ఇది గంటలతో పందెం. అటువంటి సమయంలో "విప్పకండి, రాజమండ్రికో కాకినాడకో తీసుకురండి" అంటే ఎట్లా? ముందుచక్రాలతో నడిచే ఆటో గేరు బండిని ఆ చక్రాలు నేలమీద ఆనించి తాడు కట్టి లాగుకుపోకూడదు. ఇంజను తిరగనప్పుడు లోపలి నూనెపంపు తిరగదు, పంపు తిరగకపోతే చక్రాలు నూనె లేకుండా అరుగుతాయి. రోడ్డే తెగిన ఊరికి బండిని మోసుకుపోయే లారీ ఎక్కడిది? ఇటువంటి చోట ఇంటి మరమ్మతు విలాసం కాదు, అదొక్కటే వైద్యం. ఆ వైద్యానికి కావలసిన నాలుగు మాటలు బండితో ఇచ్చే పుస్తకంలో తెలుగులో ఎందుకు ఉండవు?

ఇక నా కళ్ళెదుట జరిగినది ఒకటి చెబుతాను. నా పాత శిష్యుడొకడు పాతబండి, ఆటో గేరుది, కొని కిరాయికి తిప్పుకుంటున్నాడు. ఒకనాడు అది ఒకే గేరులో బిగుసుకుపోయి, ఎంత తొక్కినా ఈడిగిలబడి నడిచింది. దూరపు పట్టణంలోని ఒక కంపెనీ షెడ్డుకు తీసుకుపోయాడు. తిరిగి వచ్చి మా అరుగుమీద కూర్చొని, "ఆయ్, మాస్టారండీ, పెట్టి మొత్తం మార్చాలంటన్నారండి. బండి అమ్మినా అంత రాదండి" అన్నాడు. ఏ భాగం చెడిందని అడిగితే వారు చెప్పలేదట. అడిగితే "నీకు అర్థం కాదు" అన్నారట. చివరకు మా దగ్గరి ఊళ్ళోని ఒక మెకానిక్కు తన చిన్న స్కానరుతో దోషసంకేతం చదివి, పెట్టెమీది తీగల ప్లగ్గు విప్పాడు. సముద్రపు గాలికి లోపలి పిన్నులకు పచ్చగా చిలుము పట్టింది. అది తుడిచి, మళ్ళీ బిగించి, సంకేతం చెరిపితే బండి నడిచింది. ఇప్పటికీ నడుస్తున్నది. గేరుపెట్టె ఏమీ చెడలేదు. చెడిందల్లా వేలెడంత ప్లగ్గు. ఆ మెకానిక్కు తీగల పటం కోసం ఎన్ని రాత్రులు అంతర్జాలం గాలించాడో విన్నప్పుడు నాకు ఏకలవ్యుడు గుర్తుకు వచ్చాడు. బొమ్మను చూసి నేర్చుకున్నవాడి బొటనవేలు అడిగే ద్రోణులు నేటికీ ఉన్నారు.

ఇది నా ఒక్కడి ఆక్రోశం అనుకుంటారేమో! భారత పోటీ కమిషన్ ఈ సంగతి విచారించింది. విడిభాగాలు, మరమ్మతు విద్య, పరీక్షాయంత్రాలు బయటి మెకానిక్కులకు అందకుండా బిగపట్టారని 2011లో వచ్చిన ఫిర్యాదుమీద, 2014 ఆగస్టు 25న తీర్పు చెప్పి, 14 కార్ల కంపెనీలకు సుమారు 2,544 కోట్ల రూపాయల జరిమానా విధించింది. బయట మరమ్మతు చేయించినంత మాత్రాన గ్యారంటీ మొత్తం రద్దు అనే నిబంధన పెట్టరాదనీ, బయటి తప్పుడు పనివలన జరిగిన నష్టం మేరకే కాదనవచ్చనీ అందులో స్పష్టంగా ఉన్నది. ఆపైన అప్పీళ్ళు, వ్యాజ్యాలు నడిచాయి. 2016 డిసెంబరులో అప్పీళ్ళ ట్రిబ్యునల్ మూడు కంపెనీల విషయంలో తప్పును తప్పే అంటూ జరిమానా తగ్గించింది. 2022 జూలైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు'మీద ఒక సంఘాన్ని వేసింది. అదే ఏడు డిసెంబరు 24న ఒక పోర్టలు ప్రారంభించింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు దాని పరిధిలో ఉన్నాయి. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్ర ప్రజలు 2012లోనే ఓటు వేసి, కంపెనీ షెడ్డుకు ఇచ్చే మరమ్మతు సమాచారమే బండి యజమానికీ, బయటి మెకానిక్కుకూ ఇవ్వాలని చట్టం తెచ్చుకున్నారు. అక్కడ హక్కు చట్టమైంది. ఇక్కడ ఒక పోర్టలైంది. పోర్టలు తెరిస్తే హక్కు రాదు, పెట్టె తెరిస్తే వస్తుంది.

ఇక పూర్వపక్షాలు.

మొదటిది: "ఇది ప్రమాదం, అజ్ఞాని చేయి పెడితే ప్రాణం పోతుంది." ఒప్పుకుంటాను. జాకీ ఒక్కటే పెట్టి బండి కిందికి దూరినవాడు యముణ్ణి పిలిచినట్లే. ఇటుకలు, కొబ్బరిదుంగలు ఆనించడం కూడా అంతే. గట్టి నేల, ఇనుప స్టాండ్లు, చక్రాలకు అడ్డుకట్టలు ఉండాలి. కాగిన నూనె చేతిమీద పడితే తోలు లేచిపోతుంది. అయితే ఇవి చెప్పవలసిన మాటలా, దాచవలసిన మాటలా? పొయ్యి కాలుతుందని పిల్లకు వంట నేర్పడం మానరు, ఎట్లా కాలకుండా ఉండాలో నేర్పుతారు. ప్రమాదానికి విరుగుడు విద్య, మౌనం కాదు.

రెండవది: "ఇందులో ఇంట్లో చేయగలిగింది ఏమున్నది?" చాలా ఉన్నది. నూనె రంగు, వాసన చూడవచ్చు. గోధుమరంగుకు తిరిగి మాడువాసన వస్తే లోపల పలకలు కాలుతున్నాయని అర్థం. కొన్ని బండ్లకు నూనె మట్టం చూచే పుల్ల ఉంటుంది. పుల్ల లేనివాటికి ఇంజను నడుస్తుండగా, బండి సమతలంగా ఉండగా, కంపెనీ చెప్పిన వేడి దగ్గర మట్టపు బిరడా విప్పి చూడాలి. నూనె దించినప్పుడు అడుగు తట్టలోని అయస్కాంతం చూడండి. బూడిదరంగు మెత్తని ముద్ద ఉంటే సహజమైన అరుగుదల. లోహపు పెళ్ళలు ఉంటే ఆపద. ఒక్కసారి దించితే నూనె అంతా రాదు, టార్క్ కన్వర్టరులో చాలా భాగం నిలుస్తుంది. అందుకే విడతలుగా మార్చాలి. బండి పార్కింగులో బిగుసుకుని గేరు కదలకపోతే పెట్టె చెడిందని గుండె బాదుకోకముందు, బ్రేకు తొక్కినప్పుడు వెనుక ఎర్రదీపం వెలుగుతున్నదో లేదో చూడండి. వెలగకపోతే బ్రేకు స్విచ్చి పోయి ఉండవచ్చు. బ్యాటరీ నీరసించినా ఏఎంటీ బండ్లు వెర్రివేషాలు వేస్తాయి. ఇవన్నీ ఇంటిముంగిట తేలే సంగతులు. కవాటాల దిమ్మ విప్పడం, క్లచ్ పలకలు మార్చడం, టార్క్ కన్వర్టరు దించడం ముంగిట్లో పనులు కావు. వాటికి దుమ్ములేని చోటు, ప్రత్యేకమైన పనిముట్లు కావాలి. హద్దు ఉన్నది. ఆ హద్దు ఎక్కడో గృహస్థు తెలిసి గీసుకోవాలి, వ్యాపారి గడప దగ్గరే గీయరాదు.

మూడవది అన్నిటికంటె మోసకరమైనది: "డబ్బు పడేస్తే పోయేదానికి ఇంత రాద్ధాంతమా?" నేను ఉపాధ్యాయుణ్ణి. నిరక్షరాస్యులు వేలిముద్రలు వేసి భూములు పోగొట్టుకోవడం చూసిన తరంవాణ్ణి. చదవడం వచ్చినవారందరూ దస్తావేజులు వ్రాయరు. కాని చదవడం వచ్చినవాడు చదవకుండా వేలిముద్ర వేయడు. యంత్రం విషయమూ అంతే. ప్రతివాడూ పానా పట్టనక్కరలేదు. పెట్టెలో ఏమున్నదో తెలిసినవాడి దగ్గర "మొత్తం మార్చాలి" అనే మాట అంత తేలికగా చెల్లదు. ఇది అక్షరాస్యతా ప్రశ్న, ఆస్తిపరుల సరదా కాదు. బండి కిస్తీలు కడుతూ బతికే నా శిష్యునివంటి వాడికి ఆ ప్లగ్గుమీది చిలుముకూ కుటుంబం రోడ్డున పడడానికీ మధ్య దూరం ఒక్క మాట మాత్రమే.

ఇప్పుడు మన ఇంటి సంగతి. పెట్టెను మూసినది కంపెనీలు మాత్రమే కాదు, మన భాషాభిమానులమూ ఒక చేయి వేశాము. టార్క్ కన్వర్టరుకు 'భ్రామక పరివర్తకం' అని పేరు పెట్టి, భాషాసేవ పూర్తయిందని చేతులు దులుపుకుంటాము. ఆ పేరు ఏ షెడ్డులోనూ ఎవరూ పలకరు. షెడ్డులో కుర్రవాడు పానా అంటాడు, క్లచ్ ప్లేటంటాడు, చిలుమంటాడు, సీలు కారుతోందంటాడు. అది తెలుగు కాదా? వాడి నోట బతికిన మాట మన నిఘంటువులో చచ్చిన మాటకంటె వెయ్యిరెట్లు గొప్పది. మనకు కావలసింది మరో వంద కొత్త పదాలు కాదు, మరో వంద మరమ్మతు వ్యాసాలు. పాణిని సుమారు నాలుగువేల సూత్రాలు చేశాడు. వార్తికం, మహాభాష్యం వాటిని విప్పాయి గనుకనే అవి నిలిచాయి. సూత్రం చేసి భాష్యాన్ని పెట్టెలో పెట్టి తాళం వేసి ఉంటే సంస్కృత వ్యాకరణం ఆనాడే తుప్పుపట్టేది.

కనుక నేను కోరేవి మూడు. ఆంధ్రదేశంలోనూ తెలంగాణలోనూ అమ్మే ప్రతి బండితో తెలుగు పుస్తకం ఇవ్వాలి. అందులో నూనె రకం, పరిమాణం, మట్టం చూచే విధానం, వరదలో మునిగితే చేయవలసినవి ఉండాలి. దోషసంకేతాల అర్థాలు, తీగల పటాలు ఊళ్ళోని మెకానిక్కుకు న్యాయమైన ధరకు అందాలి. 'యావజ్జీవం' అనే మాట వాడేవారు ఎన్ని కిలోమీటర్ల జీవమో అంకెలలో వ్రాయాలి.

హక్కు అడిగేవాడికి బాధ్యతా ఉన్నది. దించిన పాతనూనెను పంటకాలువలో పారబోసేవాడు నా పక్షం కాడు. ఆ నీరే మనం చెరువుకు పెట్టి తాగుతున్నాము. వాడిన నూనె 2016 నియమాల ప్రకారం ప్రమాదకర వ్యర్థం. డబ్బాలో పట్టి, షెడ్డువారి ద్వారా, శుద్ధిచేసే అనుమతి ఉన్నవారికే చేర్చాలి. తన పెట్టె బాగుచేసుకోవడానికి ఊరి కాలువ చెడగొట్టినవాడికి కంపెనీని నిందించే అర్హత లేదు.

మీలో ఇంజనీర్లు ఉన్నారు, విదేశాలలో సొంత గ్యారేజీలో నూనె మార్చుకొనేవారు ఉన్నారు, కంపెనీలలో పనిచేసేవారూ ఉన్నారు. నా వాదంలో సాంకేతికమైన లోటు కనబడితే నిర్మొహమాటంగా ఖండించండి. ఖండనకు బదులు ఒక టపా వ్రాస్తే మరీ సంతోషం: మీ బండి మీరు ఎట్లా విప్పారో, ఏ బోల్టు దగ్గర ఆగిపోయారో, ఎందుకు ఆగారో, మీ అమ్మగారికి ఉత్తరం వ్రాసినంత సులువైన తెలుగులో. ఉగాదికి పది పద్యాలు తక్కువైనా ఫరవాలేదు. వచ్చే వరద లోపల మా లంకలవారికి ఆ పది టపాలు అందితే చాలు.